పాత ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ ఆయిల్: ఇంట్లో మార్చుకోవడమా, మెషిన్‌కు ఇవ్వడమా?

పదేళ్ళు దాటిన ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పే రసీదు చాలామంది దగ్గర ఉండదు. కారు రెండో చేతికో మూడో చేతికో వచ్చి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ లెక్కలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి గాని, గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి ‘దాన్ని ముట్టుకోనక్కరలేదు, కారున్నన్నాళ్ళూ వస్తుంది’ అన్న మాట ఒక్కటే కారుతోపాటు చేతులు మారుతుంది. అలాంటి కారు యజమానికి నాలుగు దారులున్నాయి. డ్రెయిన్ బోల్టు విప్పి, కారినంత ఆయిల్‌ను కారనిచ్చి, అదే కొలతలో కొత్తది పోయడం మొదటిది. గేర్‌బాక్స్ కింది చాంబర్‌ను దించి ఫిల్టరు కూడా మార్చడం రెండోది. షెడ్డులో మెషిన్ తగిలించి పాత ఆయిల్ దాదాపు అంతా ఒకేసారి మార్పించడం మూడోది. ఏమీ చేయకుండా నడిచినన్నాళ్ళు నడపడం నాలుగోది.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. గేర్లు ఇప్పటికీ సాఫీగా పడుతున్న, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) ఉన్న పాత టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) కారుకు మొదటి దారే అన్నిటికన్నా మంచిది. అయితే దాన్ని ఒక్కసారితో సరిపెట్టకుండా, కొన్ని వారాల ఎడంతో రెండు మూడు విడతలుగా చేయాలి. డిప్‌స్టిక్ లేని బాక్సుకు, ఇంట్లో లెవెల్ చూసే వీలు లేదు కాబట్టి, పరికరాలున్న షెడ్డుకే వెళ్ళాలి. ఏ దారి ఎంచుకున్నా, సరైన ఆయిల్ సరైన లెవెల్‌లో ఉండటం పద్ధతి కన్నా ముఖ్యం.

నాలుగో దారిని ఎందుకు వదులుకోవాలి

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని గేరు పళ్ళ రాపిడిని తగ్గించడంతో తీరిపోదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని చక్రాల వైపు మోసేది అదే, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను సన్నని దారుల గుండా మళ్ళించే భాగంలో) ఒత్తిడిగా పనిచేసి గేరు మార్చేది అదే, లోపలి క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకోవాలో నిర్ణయించేది అదే, అక్కడ పుట్టిన వేడిని కూలర్ దాకా తీసుకుపోయేది కూడా అదే. మామూలు రోడ్డు మీద ఈ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆపైన పెరిగే ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని లెక్క. ‘జీవితకాలం’ అన్న మాటను గేర్‌బాక్స్ తయారీదారులే అక్షరాలా పాటించరు. ఎన్నో విదేశీ కార్లకు ఆటోమేటిక్ బాక్సులు సరఫరా చేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్, తన బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్ళకు, ఆయిల్ మార్చమని చెబుతుంది.

మన తిరుపతి వైపు కార్లకు ఈ విషయం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. నిండా జనంతో, ఏసీ వేసుకుని, బస్సుల వెనక మెల్లగా ఎక్కుతున్నప్పుడు ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపి ఒకే వేగంతో తిప్పే, టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ చాలాసేపటి దాకా పట్టుకోదు. ఇంజన్ తిరిగే వేగానికీ గేర్‌బాక్స్ తిరిగే వేగానికీ మధ్య ఉండే ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు కూలర్‌కు చల్లార్చే శక్తి కూడా తగ్గుతుంది. మదనపల్లె వెళ్ళేవారికి భాకరాపేట ఘాట్, చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్ళేవారికి మొగిలి ఘాట్ ఉండనే ఉన్నాయి. కారుతో ఇచ్చే పుస్తకంలో మామూలు వాడకానికీ కఠినమైన వాడకానికీ వేర్వేరు పట్టికలుంటే, కొండలెక్కే మన కార్లకు చూడవలసింది రెండో పట్టికనే. నా మటుకు నేను పాత నాలుగైదు గేర్ల బాక్సులకు 40,000 కిలోమీటర్లకొకసారి ఆయిల్ మార్చడమే క్షేమమనుకుంటాను.

‘పాత బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే గేర్లు జారతాయి’ అన్న భయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ భయం వెనక కొంత నిజమైన అనుభవం ఉంది. గేరు పడటానికి ఆలస్యమవుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగినా కారు ముందుకు కదలని స్థితికి వచ్చాకే చాలామంది ఆయిల్ మార్పిస్తారు. అప్పటికే క్లచ్ ప్లేట్ల పూత అరిగిపోయి ఉంటుంది కాబట్టి ఆ బాక్సు ఎలాగూ ఎక్కువ కాలం నడవదు, నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. గేర్లు జారడం మొదలైన కారుకు ఈ నాలుగు దారుల్లో ఏదీ మందు కాదు. దాన్ని ఆటోమేటిక్ బాక్సులు విప్పి బాగుచేసే నిపుణుడికి చూపించాలి. ఇక్కడి చాలామంది అందుకోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్తారు. చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత బాక్సు కొని మార్పించుకునేవారూ ఉన్నారు గాని, ఆ బాక్సు ఎలా వాడిన కారు నుంచి వచ్చిందో తెలుసుకునే మార్గం లేదని గుర్తుంచుకోవాలి.

మీ కారులో ఉన్నది ఏ బాక్సు

క్లచ్ పెడల్ లేని కార్లన్నిటినీ మనం ఆటోమేటిక్ అనే పిలుస్తాం గాని, లోపల ఉండే యంత్రాలు వేర్వేరు. కారు పేరును బట్టి బాక్సు ఏదో నిర్ణయించుకోకూడదు. 2008కి సరిగ్గా ముందరి తరం హోండా సిటీ ఆటోమేటిక్‌లో సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే బాక్సు) ఉండేది, 2008 నుంచి 2013 దాకా వచ్చిన సిటీలో 5 గేర్ల ఆటోమేటిక్ ఉంది, 2014 సిటీలో మళ్ళీ సీవీటీ వచ్చింది. ఈ మూడింటికీ హోండా మూడు వేర్వేరు ఆయిల్స్ చెప్పింది. మొదటిదానికి హెచ్‌ఎంఎంఎఫ్, రెండోదానికి పాత జడ్-1 స్థానంలో వచ్చిన డీడబ్ల్యూ-1, మూడోదానికి హెచ్‌సీఎఫ్-2.

ఈ వ్యాసంలో ఇంట్లో మార్చుకోవచ్చని నేను చెబుతున్నది ముఖ్యంగా టార్క్ కన్వర్టర్ బాక్సుల గురించే. పైన చెప్పిన రెండో రకం సిటీ, ఐ10 1.2 ఆటోమేటిక్, నాలుగు గేర్ల పాత డిజైర్, ఎస్ఎక్స్4 వంటివి ఈ కోవలోకి వస్తాయి. సీవీటీలో ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య రాపిడి మీద ఆధారపడి తిరుగుతుంది కాబట్టి, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి. దానికి రాసిన సీవీటీ ఆయిల్ తప్ప మరొకటి ఎంత మంచి కంపెనీదైనా పనికిరాదు. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ (క్లచ్‌నూ గేర్లనూ యంత్రమే మార్చే రకం), లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. చాలావాటిలో మాన్యువల్ గేర్ ఆయిల్‌తోపాటు గేర్లు మార్చే పరికరమైన యాక్చుయేటర్‌లో విడిగా ఒక హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది, దాన్ని ఇంట్లో కదిలించకపోవడమే మంచిది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలోని రెండు క్లచ్‌ల డీఎస్‌జీ బాక్సులను, అవి పొడి క్లచ్‌వి అయినా ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్‌వి అయినా, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న చోటికే తీసుకువెళ్ళాలి. తడి క్లచ్ ఉన్న 6 గేర్ల డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలన్న నియమం ఉంది కాబట్టి పాత స్కోడా లారా, సూపర్బ్ కొనేవారు ఆ రసీదు అడిగి చూడటం అవసరం.

ఆయిల్ ఎంపిక

ఎర్రగా ఉన్న ఏటీఎఫ్‌లన్నీ ఒకటే అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. రంగు కలిపింది లీకేజీ ఎక్కడ ఉందో కంటికి తెలియడానికి. అది ఆయిల్ గుణాన్ని చెప్పదు. హ్యుందాయ్ పాత 4 గేర్ల బాక్సులకు ఎస్‌పీ-3, తర్వాతి 6 గేర్ల బాక్సులకు ఎస్‌పీ-4 అవసరం. పాత టయోటాలకు టీ-4, తర్వాతివాటికి డబ్ల్యూఎస్. రెండు రకాల మధ్య తేడా చిక్కదనంలోనూ, క్లచ్ ప్లేట్లను పట్టించే తీరులోనూ ఉంటుంది. అందువల్ల తప్పు ఆయిల్ పోసిన కారు ఆ రోజే ఆగిపోదు. కొన్ని నెలల పాటు గేరు పడినప్పుడల్లా చిన్న కుదుపు ఇస్తూ లోపల అరుగుతూ పోతుంది. డిప్‌స్టిక్ పిడి మీదనో, కారు పుస్తకంలోనో రాసిన పేరే ప్రమాణం. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని డబ్బా మీద ఉన్నా, మీ బాక్సుకు రాసిన పేరు ఆ డబ్బా వెనక స్పష్టంగా కనిపిస్తేనే ఆలోచించాలి. కంపెనీ పేరుతో నకిలీ ఆయిల్ అమ్మే చోట్లున్నాయి కాబట్టి, రెండు వందల ఆదా కోసం చూడకుండా కారు కంపెనీ అధీకృత స్పేర్ పార్టుల దుకాణంలోనే, సీలు చెక్కుచెదరని డబ్బాలు కొని బిల్లు దాచుకోవాలి.

మూడు పద్ధతుల పోలిక

డ్రెయిన్ బోల్టు నుంచి బాక్సులోని ఆయిల్ మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో, వాల్వ్ బాడీలో ఉన్నది అక్కడే నిలిచిపోతుంది. మొత్తం ఆరు లీటర్లు పట్టే బాక్సులో రెండు, రెండున్నర లీటర్ల దగ్గర వస్తుంది. ఒక్కో విడతకు 40 శాతం మారుతుందనుకుంటే, మొదటిసారికి 40, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం కొత్త ఆయిల్ ఉంటుంది. మెషిన్‌తో అయితే పదీ పన్నెండు లీటర్లు ఖర్చుచేసి ఒక్క పూటలో దాదాపు అంతా మార్చవచ్చు. కాగితం మీద చూస్తే మెషినే మేలనిపిస్తుంది. అయినా చరిత్ర తెలియని పాత కారుకు నేను విడతల పద్ధతినే సమర్థిస్తాను. అందుకు ఖర్చు తగ్గడం ఒక్కటే కారణం కాదు.

విడతల పద్ధతిలో ప్రతిసారీ బాక్సు తన స్థితిని మీకు చూపిస్తుంది. మొదటి విడతలో వచ్చిన ఆయిల్ ఎర్రటి గోధుమ రంగులో ఉండి, బోల్టు చివరి అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు మాత్రమే అంటుకుని ఉంటే అది వయసుకు తగ్గ అరుగుదల. నల్లగా మారి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. పేస్టు బదులు చేతికి తగిలే లోహపు ముక్కలుంటే పని అక్కడితో ఆపి నిపుణుడిని కలవాలి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో వస్తే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ నీళ్ళు గేర్‌బాక్స్‌లోకి చేరాయని అర్థం. మన ప్రాంతంలో ఈ చివరి రకం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్ళు పోసుకుంటూ వచ్చిన పాత కార్లలో రేడియేటర్ లోపల తుప్పు పట్టడానికి అవకాశం ఎక్కువ. అలాంటి కారులో రేడియేటర్ మార్చకుండా ఎంత ఆయిల్ మార్చినా డబ్బు దండగ. మెషిన్ పెట్టినప్పుడు ఈ సాక్ష్యమంతా గొట్టాల్లోనే కలిసిపోతుంది, యజమానికి ఏదీ కనిపించదు. విడతల మధ్య నెల రోజులో వెయ్యి కిలోమీటర్లో నడిపితే, గేర్లు పడే తీరులో వచ్చిన మార్పు కూడా గమనించవచ్చు. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడే ఆగే అవకాశం ఉంటుంది.

చాంబర్ దించే పద్ధతి విలువైనదే గాని, ఇంట్లో మొదటిసారి చేసేవారికి నేను సలహా ఇవ్వను. చిన్న చిన్న బోల్టులు చాలా ఉంటాయి. చాలా బాక్సుల్లో వాటిని 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ మాత్రమే బిగించాలి. మణికట్టు బలంతో బిగిస్తే అల్యూమినియంలోని మరలు ఊడిపోతాయి. గాస్కెట్ అతికే చోట పాత గాస్కెట్ పొర ఏ కొంచెం మిగిలినా లీకేజీ తప్పదు. ఫిల్టరు మార్చే వీలున్న బాక్సు అయితే, పాత కారుకు ఒక్కసారి ఆ పని మంచి షెడ్డులో చేయించి, ఆ తర్వాతి ఆయిల్ మార్పులు ఇంట్లో చేసుకోవడం తెలివైన పని. హోండా పాత బాక్సుల్లో అసలు దించే చాంబరే ఉండదు కాబట్టి ఆ యజమానులకు ఈ ప్రశ్నే లేదు. అందుకే ఆ కార్లు ఇంటి పనికి అన్నిటికన్నా అనువైనవి. వాటి డ్రెయిన్ బోల్టు తలలో 3/8 అంగుళాల చదరపు రంధ్రం ఉంటుంది, సాకెట్ పిడి చివర నేరుగా అందులో పడుతుంది.

మెషిన్ వైపే మొగ్గేవారు షెడ్డువారిని మూడు విషయాలు అడగాలి. ఆయిల్‌ను గేర్‌బాక్స్ సొంత పంపే నెట్టే రకం మెషినా, బయటి ఒత్తిడితో నెట్టే రకమా అన్నది మొదటిది. పాత బాక్సుకు మొదటి రకమే క్షేమం. లోపల కడగడానికి ఏదైనా ద్రావకం కలుపుతారా అన్నది రెండోది. కలుపుతామంటే వద్దని చెప్పాలి. సీలున్న డబ్బాలను మీ ఎదుటే విప్పుతారా అన్నది మూడోది. మరమ్మతు చరిత్ర అంతా చేతిలో ఉండి, సమయానికి ఆయిల్ మారుస్తూ వచ్చిన కారుకు మెషిన్ మార్పు వల్ల నష్టమేమీ లేదు.

ఇంట్లో చేస్తే

కారు నాలుగు చక్రాల దగ్గరా సమంగా ఎత్తి ఉండాలి, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు. బరువు మోయగల స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు లేనివారు ఈ పని తలపెట్టకపోవడమే మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో గచ్చు సమంగా ఉంటుంది గాని, వాలు ఉన్న ర్యాంపు మీద ఈ పని చేయకూడదు. ఇంజన్ ఆయిల్ బోల్టుకూ గేర్‌బాక్స్ బోల్టుకూ తేడా ముందే గుర్తుపట్టి, ఆయిల్ పోసే మూత సులువుగా వస్తుందో లేదో చూశాకే కింది బోల్టు విప్పాలి. కారు కొద్దిగా వెచ్చబడి ఉంటే చాలు. కొండ దిగి వచ్చిన వెంటనే చేస్తే చేతులు కాలతాయి.

కారిన ఆయిల్‌ను గీతలున్న కొలపాత్రలో కొలిచి, అంతే కొత్తది పోయాలి. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. గరాటు, డిప్‌స్టిక్, చేతులు తుడవడానికి షెడ్లలో వాడే బనియన్ వేస్ట్ వాడకూడదు. దాని దారపు పోగు ఒక్కటి వాల్వ్ బాడీలోని సన్నని దారిలో చిక్కుకున్నా గేర్ల తీరు దెబ్బతింటుంది. పోగులు రాలని గుడ్డ ఉంటే చాలు.

లెవెల్ చూడటంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఏటీఎఫ్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి డిప్‌స్టిక్ మీద చల్లని గుర్తులూ వేడి గుర్తులూ వేరుగా ఉండవచ్చు. చాలా కార్లలో బాక్సు వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, బ్రేకు మీద కాలు ఉంచి సెలెక్టర్‌ను అన్ని స్థానాల్లోకీ మెల్లగా తిప్పి, పుస్తకం చెప్పిన స్థానంలో పెట్టి చూడాలి. హోండాలో మాత్రం రేడియేటర్ ఫ్యాన్ తిరిగేంత వేడెక్కించి, ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైనా తిరిగే భాగాలు దాన్ని చిలికి నురుగు చేస్తాయి, నురుగుకు ఒత్తిడి నిలవదు, గేర్లు అలాగే జారతాయి. డిప్‌స్టిక్ లేని బాక్సుల్లో ఆయిల్ ఉష్ణోగ్రత ఒక నిర్ణీత హద్దులో ఉన్నప్పుడు, ఉదాహరణకు చాలా టయోటాల్లో 35 నుంచి 45 డిగ్రీల మధ్య, పొర్లే గొట్టం నుంచి ఎక్కువైనది కారిపోయేలా చేసి లెవెల్ నిర్ణయిస్తారు. ఆ ఉష్ణోగ్రతను స్కానర్‌తో చూడాలి. మన ఎండాకాలంలో ఆ హద్దు కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది. డిప్‌స్టిక్ లేనివారిని షెడ్డుకు వెళ్ళమని మొదట్లోనే చెప్పడానికి కారణం ఇదే.

పని అయిన రోజే కొండ ఎక్కకూడదు. రేణిగుంట దాకానో చంద్రగిరి దాకానో సమతలంలో నడిపి వచ్చి, బోల్టు దగ్గర తడి ఉందేమో చూసి, లెవెల్ మరోసారి సరిచూసుకున్నాకే ఘాట్ ఎక్కాలి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ పేరు, కొలత ఒక పుస్తకంలో రాసి బిల్లులు దానికి జతచేస్తే, రేపు ఆ కారు కొనే వారికి మీ మాట మీద ఆధారపడే అవసరం ఉండదు.

తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోస్తే అది చెరువులోకి చేరుతుంది, మట్టిలో పోస్తే బావి నీటిలోకి దిగుతుంది. వాడిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం గుర్తింపు ఉన్న రీసైక్లర్లకే చేర్చాలి. కొత్త ఆయిల్ డబ్బాల్లోనే దాన్ని తిరిగి నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్ పోగుచేసి పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి. కూలెంట్ గాని పెట్రోలు గాని అందులో కలపకూడదు. కలిస్తే దాన్ని తిరిగి శుద్ధి చేయడం కష్టమవుతుంది.